మల్టీవర్స్‌ను నాసా కనిపెట్టేసిందా? ఒక బీఎస్సీ విద్యార్థి ప్రశ్నలకు జవాబు

అడిగినవారు బీఎస్సీ రెండో సంవత్సరం ఫిజిక్స్ విద్యార్థి. ప్రశ్నల సారాంశం ఇది: అంటార్కిటికాలో నాసా సమాంతర విశ్వాన్ని కనిపెట్టిందని ఒక వీడియోలో చెప్పారు, నిజమేనా? మల్టీవర్స్, అంటే మన విశ్వం కాక ఇంకా ఎన్నో విశ్వాలు ఉంటే, బిగ్ బ్యాంగ్ తప్పయినట్టేనా? మన పురాణాల్లోని అనంతకోటి బ్రహ్మాండాలు ఇవేనా? పీజీలో ఈ సబ్జెక్టు తీసుకోవచ్చా?

నాలుగింటికీ వరసగా పొట్టి జవాబులు: లేదు, కాదు, కాదు, తీసుకోవచ్చు. ఇక పొడుగు జవాబు. నేను కాస్మిక్ మైక్రోవేవ్ నేపథ్య వికిరణం (విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన కాంతి) డేటా మీద కొంతకాలం పనిచేసి, తర్వాత పీజీ పిల్లలకు కాస్మాలజీ చెప్పడంలో పడ్డవాణ్ణి. కాబట్టి నా పక్షపాతం ఏమిటో ముందే చెప్పేస్తున్నాను: కొలతకు అందని మాట ఎంత అందంగా ఉన్నా నా దగ్గర మార్కులు తక్కువే పడతాయి.

ముందు ఆ వీడియో సంగతి. అది 2020 మే నాటి పాత సరుకు. లాక్‌డౌన్‌లో జనమంతా ఫోన్లకు అతుక్కుపోయి ఉన్నప్పుడు విదేశీ టాబ్లాయిడ్లు "కాలం వెనక్కి నడిచే విశ్వాన్ని నాసా కనిపెట్టింది" అని మొదలుపెట్టాయి, అది వాట్సాప్ దాకా పాకింది. అసలు జరిగింది వేరు. అనిటా అనే ప్రయోగం ఒకటుంది. పెద్ద హీలియం బెలూన్‌కు రేడియో యాంటెన్నాలు కట్టి అంటార్కిటికా మీద 35 కిలోమీటర్లకు పైన ఎగరేస్తారు. డబ్బు నాసా ఇచ్చింది, నడిపింది హవాయి విశ్వవిద్యాలయం నాయకత్వంలోని బృందం. విపరీతమైన శక్తి ఉన్న న్యూట్రినోలు (విద్యుదావేశం లేని, అతి తేలికైన కణాలు) మంచును తాకినప్పుడు పుట్టే రేడియో పల్స్‌ను పైనుంచి పట్టుకోవడం దాని పని.

ఆకాశం నుంచి దూసుకొచ్చే కాస్మిక్ కిరణాల వల్ల కూడా అలాంటి పల్సులే పుడతాయి. అవి మంచు మీద పడి, పరావర్తనం చెంది బెలూన్‌కు చేరతాయి. పరావర్తనంలో తరంగం తలకిందులవుతుంది, దాన్ని బట్టే గుర్తుపడతారు. అయితే 2006లో ఒకటి, 2014లో ఒకటి, తలకిందులు కాని పల్సులు దొరికాయి. అంటే నేలలోంచి పైకి తన్నుకొచ్చినట్టు. అంత శక్తి ఉన్న న్యూట్రినో భూమిలో వేల కిలోమీటర్లు దూరి ఇవతలికి రావడం మనకు తెలిసిన ఫిజిక్స్ ప్రకారం దాదాపు జరగని పని. ఇదీ చిక్కు. ఇంతే చిక్కు.

ఇంకోవైపు, 2018లో కొందరు సిద్ధాంతకర్తలు బిగ్ బ్యాంగ్‌కు అవతలి పక్క మన విశ్వానికి అద్దంలో బింబం లాంటి విశ్వం ఒకటి ఉండవచ్చని ఒక నమూనా రాశారు. అందులో ఒక బరువైన న్యూట్రినో వస్తుంది. అది భూగర్భంలో పోగుపడి విచ్ఛిన్నమైతే అనిటా సిగ్నళ్లు రావచ్చేమోనని వేరే కొందరు ఒక ఊహ చేశారు. ఊహ మీద ఊహ. రెంటినీ కలిపి కుట్టి, పైన నాసా పేరు అతికించింది పత్రికలవాళ్లు. దక్షిణ ధ్రువం దగ్గర మంచులోనే పాతిన ఐస్‌క్యూబ్ డిటెక్టర్ అదే దిక్కుల నుంచి న్యూట్రినోలేమైనా వచ్చాయా అని వెతికింది, ఏమీ లేవు. అర్జెంటీనాలోని పియరీ ఆగర్ అబ్జర్వేటరీ తన పాత డేటా అంతా తిరగేసి, అలా పైకెగసే కణాల జల్లులు ఉండాల్సినన్ని లేవని 2025లో తేల్చింది. ఆ రెండు పల్సుల కారణం ఇంకా తేలలేదు. తేలని ప్రతి సిగ్నల్‌కూ ఒక విశ్వాన్ని కట్టబెడితే మా ల్యాబ్‌లోనే వంద విశ్వాలు ఉండాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. "మల్టీవర్స్ సిద్ధాంతం" అని ఒకటుందనుకుని మీరు అడుగుతున్నారు. అలాంటిది లేదు. ఇంకేదో సమస్య తీర్చుకోవడానికి రాసిన సిద్ధాంతాల్లోంచి, రాసినవాళ్లు అడక్కుండానే బయటపడ్డ పర్యవసానాలవి. విశ్వం మొదట్లో ఒక్కసారిగా ఉబ్బిందనే ఇన్‌ఫ్లేషన్‌లోంచి ఒక రకం, కణాలన్నీ సన్నటి తీగల కంపనాలేననే స్ట్రింగ్ థియరీలోంచి ఒక రకం, క్వాంటమ్ మెకానిక్స్‌లోంచి పూర్తిగా వేరే రకం. ఒకదానికి సాక్ష్యం దొరికితే ఇంకోదానికి దొరికినట్టు కాదు. వీడియోల్లో వీటన్నిటినీ ఒకే గిన్నెలో వేసి కలిపేస్తారు, అక్కడే గందరగోళమంతా. ఎవరైనా మల్టీవర్స్ అనగానే మీరు అడగాల్సింది రెండు ప్రశ్నలు: ఏ సిద్ధాంతంలోంచి వచ్చింది, ఆ సిద్ధాంతాన్ని ఎంతవరకు పరీక్షించారు?

దానికి ముందు మన ఈ ఒక్క విశ్వం గురించి గట్టిగా తెలిసినదెంతో గీత గీసుకోవాలి. విశ్వం వయసు 1380 కోట్ల సంవత్సరాలు. మొదటి సెకను తర్వాత జరిగిన కథ మనకు చాలా బాగా తెలుసు. నమ్మకం కుదరకపోతే ఒక చిన్న లెక్క చేయండి. మొదటి కొన్ని నిమిషాల్లో, హీలియం తయారయ్యే వేళకు, ప్రతి 7 ప్రోటాన్లకు ఒక న్యూట్రాన్ చొప్పున మిగిలింది. 14 ప్రోటాన్లు, 2 న్యూట్రాన్లు తీసుకోండి. ఒక హీలియం కేంద్రకానికి రెండు న్యూట్రాన్లు, రెండు ప్రోటాన్లు పోతాయి. మిగిలిన 12 ప్రోటాన్లు హైడ్రోజన్‌గా ఉండిపోతాయి. మొత్తం 16 కణాల్లో 4 హీలియంలో ఉన్నాయి, అంటే ద్రవ్యరాశిలో పావు వంతు. ఇప్పుడు నక్షత్రాల వంట పెద్దగా జరగని చిన్న గెలాక్సీల్లోకి టెలిస్కోప్ తిప్పి హీలియం కొలవండి: ఇంచుమించు 25 శాతం. ఏ తరం విద్యార్థులకు చెప్పినా ఈ లెక్క దగ్గర క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దమవుతుంది.

తర్వాత 3 లక్షల 80 వేల సంవత్సరాలకు విశ్వం సుమారు 3000 కెల్విన్‌కు చల్లబడింది, ఎలక్ట్రాన్లు కేంద్రకాలతో కలిసి పరమాణువులయ్యాయి, కాంతికి దారి దొరికింది. ఆ కాంతే ఇప్పుడు 2.725 కెల్విన్ మైక్రోవేవ్‌లుగా అన్ని దిక్కుల నుంచీ వస్తోంది. 1964-65లో న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో పెంజియాస్, విల్సన్ ఎంత తుడిచినా పోని ఆ హోరును పట్టుకున్నారు, 1978లో నోబెల్ వచ్చింది. అక్కడి నుంచి మొదటి నక్షత్రాలకు ఇంకో పది ఇరవై కోట్ల సంవత్సరాలు పట్టింది. బిగ్ బ్యాంగ్ తర్వాత 29 కోట్ల సంవత్సరాలకే వెలుగుతున్న గెలాక్సీని జేమ్స్ వెబ్ టెలిస్కోప్ 2024లో చూపించింది. సూర్యుడు పుట్టి 460 కోట్ల సంవత్సరాలు. సూర్యుడు పుట్టడానికి కాస్త ముందు నుంచే విస్తరణ వేగం పెరగడం మొదలైంది. అది 1998లో సూపర్‌నోవాల (పేలిపోయే నక్షత్రాల) వల్ల తెలిసింది. ఈ కథలో అతుకులు లేవని కాదు. విస్తరణ వేగాన్ని (మెగాపార్సెక్‌కు సెకనుకు కిలోమీటర్లలో) పాత కాంతి నుంచి లెక్కిస్తే 67 దగ్గర, దగ్గరి నక్షత్రాల నుంచి కొలిస్తే 73 దగ్గర వస్తోంది, ఆ తగువు తెగలేదు. కానీ మూలకథ నిలబడింది.

మల్టీవర్స్ మాటలు చాలావరకు ఆ మొదటి సెకను పూర్తయ్యే లోపలి భాగం నుంచే వస్తాయి. ఆకాశంలో ఈ కొస నుంచి వచ్చే మైక్రోవేవ్, ఆ కొస నుంచి వచ్చే మైక్రోవేవ్ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నాయి, తేడా లక్షలో ఒక వంతు. ఇందులో వింతేముంది అంటారా? ఆ కాంతి బయల్దేరిన నాటికి, ఆకాశంలో సుమారు రెండు డిగ్రీలకు మించిన దూరంలో ఉన్న ప్రాంతాల మధ్య కాంతి కూడా ప్రయాణించే వ్యవధి లేదు. శ్రీకాకుళంలో ఒక సెంటర్, ఆదిలాబాద్‌లో ఒక సెంటర్, రెండు చోట్లా అందరి పేపర్లలో ఐదో దశాంశ స్థానం దాకా ఒకే జవాబుంటే ఎగ్జామినర్ ఏమంటాడు? పరీక్షకు ముందే ఎక్కడో కలిశారంటాడు.

ఆ "ముందే కలవడం" ఎలా జరిగిందో చెప్పేదే ఇన్‌ఫ్లేషన్. 1979 డిసెంబరులో అలన్ గూత్ అనే యువకుడు, అప్పటికింకా పర్మనెంట్ ఉద్యోగం లేక ఊరూరా తిరుగుతున్న పోస్ట్‌డాక్, ఇంట్లో రాత్రి కూర్చుని లెక్క చేస్తూ, మొదటి సెకనులో ఊహకందనంత చిన్న వంతులో విశ్వం కనీసం 1 పక్కన 26 సున్నాలు పెట్టినన్ని రెట్లు ఉబ్బి ఉంటే ఈ చిక్కు విడిపోతుందని గమనించాడు. నోట్‌బుక్‌లో ఆ వాక్యం చుట్టూ రెండు గీతల పెట్టె గీసుకున్నాడు. ఆ పేజీ ఇప్పుడు షికాగోలోని యాడ్లర్ ప్లానెటేరియం వాళ్ల దగ్గరుంది. గమనించండి, ఆయన వెతుకుతున్నది మల్టీవర్స్‌ను కాదు. ఏకధ్రువ అయస్కాంతాలు లెక్కల్లో గుట్టలుగా వస్తూ బయట ఒక్కటీ ఎందుకు కనపడటం లేదన్నది ఆయన తలనొప్పి. 1981లో అచ్చైన ఆ పేపర్‌లో ఉబ్బడం ఆగే తీరు కుదరలేదు. 1982లో లిండే ఒకవైపు, ఆల్బ్రెక్ట్, స్టైన్‌హార్ట్ ఇంకోవైపు దాన్ని సరిచేశారు.

ఆ వెంటనే బయటపడిందొక సంగతి. ఉబ్బడం అంతటా ఒకేసారి ఆగదు. ఎక్కడ ఆగుతుందో క్వాంటమ్ హెచ్చుతగ్గులు నిర్ణయిస్తాయి. ఆగినచోట వేడి కణాల ముద్ద మిగులుతుంది, అంటే ఒక బిగ్ బ్యాంగ్. ఆగనిచోట ఉబ్బుతూనే పోతుంది, పైగా అది ఉబ్బే వేగం ముందు ఆగిన చోట్లు ఏర్పడే వేగాన్ని మించిపోతుంది. కాబట్టి మొత్తం మీద ఉబ్బడం ఎప్పటికీ పూర్తి కాదు, బుడగ విశ్వాలు పుడుతూనే ఉంటాయి. 1983లో విలెంకిన్, 1986లో లిండే దీన్ని గట్టిగా ముందుకు తెచ్చారు. మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది: ఈ రకం మల్టీవర్స్‌లో బిగ్ బ్యాంగ్ తప్పవదు. మనది అనేక బిగ్ బ్యాంగుల్లో ఒకటవుతుంది, హీలియం లెక్కలో ఒక్క అంకె కూడా మారదు.

మరి ఇన్‌ఫ్లేషన్‌ను పరీక్షించారా? కొంతవరకు. మైక్రోవేవ్ ఆకాశంలోని వేడి, చల్లటి మచ్చల బలం పెద్ద కొలతల నుంచి చిన్న కొలతలకు పోయేకొద్దీ కొద్దిగా తగ్గాలని అది చెప్పింది. మైక్రోవేవ్ ఆకాశానికి పటం గీసిన ప్లాంక్ ఉపగ్రహం ఆ తగ్గుదల సూచికను 0.965 అని కొలిచింది, తేడా లేకపోతే కచ్చితంగా 1 రావాలి. విశ్వం చదునుగా ఉండాలంది, అలాగే ఉంది. మిగిలిపోయిన పెద్ద పరీక్ష ఆదిమ గురుత్వ తరంగాలు, అంటే ఆ ఉబ్బే వేళ దేశకాలంలో పుట్టిన అలలు. 2014 మార్చి 17న దక్షిణ ధ్రువం దగ్గరి బైసెప్-2 బృందం అవి దొరికాయని ప్రకటించింది. లిండే ఇంటి తలుపు కొట్టి ఆ కబురు చెప్పే వీడియో ఇప్పటికీ చూడొచ్చు, చూడటానికి భలేగా ఉంటుంది. ఏడాది తిరక్కుండా ప్లాంక్ డేటాతో కలిపి చూస్తే అది మన పాలపుంతలోని దుమ్ము చేసిన పనని తేలింది. ఆ తరంగాలు ఇంతవరకు దొరకలేదు. తొలినాటి సరళమైన నమూనాలు కొన్ని అందువల్ల కొట్టుకుపోయాయి కూడా.

బుడగల్నే నేరుగా వెతికారా అంటే, వెతికారు. మన బుడగ పుట్టాక ఇంకో బుడగ వచ్చి రాసుకుంటే మైక్రోవేవ్ ఆకాశంలో గుండ్రటి మచ్చ మిగలాలి, ఆ గుండ్రానికి అంచు ఉండాలి. 2011లో హిరణ్య పీరిస్ తదితరులు ప్లాంక్‌కు ముందరి ఉపగ్రహం డబ్ల్యూమ్యాప్ డేటాలో ఆ మచ్చల కోసం గాలించారు. ఈ పనిలో నాకు నచ్చింది వాళ్లు కంటికి కనపడ్డ మచ్చను పట్టుకుని ఊగిపోకపోవడం. ఆకాశం మొత్తం మీద యాదృచ్ఛికంగా ఎన్ని గుండ్రాలు కనపడొచ్చో ముందు కృత్రిమ పటాల మీద లెక్కగట్టి, తర్వాత అసలు పటం తెరిచారు. గణాంకపరంగా నిలబడే గుర్తు ఒక్కటీ దొరకలేదు. ఎరిడానస్ నక్షత్రరాశి వైపు 'కోల్డ్ స్పాట్' అని ఒక చల్లటి మచ్చ ఉంది, 2004లో బయటపడింది. ఇంకో విశ్వం ఢీకొట్టిన గాయమని దాన్ని తరచూ చూపిస్తారు. చల్లగా ఉండటం ఒక్కటే దాని అర్హత.

స్ట్రింగ్ థియరీ నుంచి వచ్చే మల్టీవర్స్ ఈ బుడగ విశ్వాల మీదే ఎక్కి కూర్చుంటుంది. ఇక్కడ మన దేశానికి నిజమైన సంబంధం ఒకటుంది. 2003లో కచ్రు, కల్లోష్, లిండే, త్రివేది కలిసి రాసిన పేపర్‌ను పేర్ల మొదటి అక్షరాలతో కేకేఎల్‌టీ అంటారు. ఆ త్రివేది ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన సందీప్ త్రివేది. స్ట్రింగ్ థియరీలోని అదనపు డైమెన్షన్లను మడిచి, మన విశ్వంలాగా త్వరణంతో విస్తరించే శూన్యాన్ని ఎలా నిలబెట్టవచ్చో వాళ్లు చూపారు. అలా మడిచే పద్ధతులు 1 పక్కన 500 సున్నాలు పెట్టినన్ని ఉండవచ్చని తర్వాత లెక్కగట్టారు. ఒక్కో మడతకు ఒక్కో రకం భౌతిక నియమాలు.

ఇన్ని రకాలెందుకు అనుకోకండి, కొందరికి అదే కావాలి. శూన్యానికి ఉండే శక్తిని మామూలు క్వాంటమ్ లెక్కతో కడితే, గమనించిన దానికంటే 1 పక్కన 120 సున్నాల రెట్లు పెద్దగా వస్తుంది. ఫిజిక్స్‌లో ఇంతకు మించిన అవమానకరమైన లెక్క లేదు. 1987లో స్టీవెన్ వైన్‌బర్గ్ దీన్ని వేరే కోణంలో చూశారు. ఆ శక్తి ఒక్కో విశ్వంలో ఒక్కోలా ఉందనుకుందాం. అది మరీ ఎక్కువైన చోట పదార్థం ముద్దకట్టే లోపే విస్తరణ దాన్ని చెదరగొడుతుంది, గెలాక్సీలుండవు, ఈ ప్రశ్న అడిగేవాడూ ఉండడు. కాబట్టి మనం చూసే విలువ గెలాక్సీలకు అడ్డుపడనంత చిన్నదిగా ఉంటుంది, కానీ అంతకంటే మరీ చిన్నదిగా ఉండాల్సిన అవసరమూ లేదు. అప్పటికి చాలామంది ఆ విలువ సున్నా అనే నమ్మేవారు. పదకొండేళ్లకు సూపర్‌నోవాలు అది సున్నా కాదని చెప్పాయి. ముందే చెప్పి నెగ్గిన మాట కాబట్టి దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయలేను.

అయినా నాకున్న అభ్యంతరం ఇది. 1596లో కెప్లర్ సూర్యుడి చుట్టూ ఆరు గ్రహాలే ఎందుకున్నాయి, ఆ దూరాల్లోనే ఎందుకున్నాయి అని అడిగి, ఐదు ఘనరూపాలను ఒకదానిలో ఒకటి పేర్చి జవాబు చెప్పాడు. ఇప్పుడు మనకు తెలుసు, ఆ దూరాలకు లోతైన కారణమేదీ లేదు, వేరే నక్షత్రాల చుట్టూ వేరే దూరాలున్నాయి. శూన్యశక్తి కూడా అలాంటి అంకే అని మల్టీవర్స్ పక్షం వాదిస్తుంది. వాదన బాగుంది. కానీ వేరే నక్షత్రాల గ్రహాలను మనం చూశాం, వేల సంఖ్యలో లెక్కపెట్టాం. వేరే విశ్వాల శూన్యశక్తిని ఎవరూ కొలవలేదు. పైగా అనంతమైన బుడగల్లో "ఎక్కువ సంభావ్యత" అంటే ఏమిటో లెక్కగట్టే పద్ధతి మీదే ఏకాభిప్రాయం లేదు, ఒక్కో పద్ధతికి ఒక్కో జవాబు వస్తుంది. స్ట్రింగ్ థియరీ లోపలే, అసలు అలాంటి నిలకడైన శూన్యాలు కుదరవని 2018 నుంచి వాదించేవాళ్లూ ఉన్నారు.

సినిమాల్లో చూపించే మల్టీవర్స్, ఇంకో విశ్వంలో ఇంకో మీరు ఉద్యోగం మానేసి సంగీతం నేర్చుకోవడం లాంటివి, ఎక్కువగా మూడో రకం నుంచి అరువు తెచ్చుకున్నవి. 1957లో హ్యూ ఎవరెట్ ప్రిన్స్‌టన్‌లో జాన్ వీలర్ దగ్గర చేసిన పీహెచ్‌డీ అది. కొలత చేసినప్పుడు క్వాంటమ్ అవకాశాల్లో ఒకటి మిగిలి తక్కినవి మాయమవుతాయని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఎవరెట్ ఆ మాయమయ్యే అంచెను తీసేశాడు. ష్రోడింగర్ సమీకరణాన్ని అలాగే నడవనిస్తే అన్ని ఫలితాలూ ఉంటాయి, చూసేవాడు కూడా వాటితోపాటే శాఖలవుతాడు. 1959లో కోపెన్‌హాగెన్ వెళ్లి నీల్స్ బోర్‌ను కలిశాడు, అక్కడ ఎవరూ ఖాతరు చేయలేదు. అప్పటికే పెంటగాన్ పనిలో ఉన్నాడు, మళ్లీ ఫిజిక్స్ వైపు రాకుండా 1982లో 51 ఏళ్లకే పోయాడు. ఈ శాఖలు ఆకాశంలో దూరంగా ఎక్కడో ఉండేవి కావు. బుడగ విశ్వాలతో వీటికి చుట్టరికం లేదు. ప్రయోగాలకు ఇది చెప్పే అంకెలు మామూలు క్వాంటమ్ మెకానిక్స్ అంకెలే కాబట్టి రెంటినీ వేరుచేసే పరీక్ష ఇంతవరకు ఎవరూ చేయలేదు. ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు పోవడం కుదరదు. ఆ సినిమా కథలు సమీకరణం దగ్గరే ఆగిపోతాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన దాని దగ్గరికి వస్తాను. నేను నమ్మేదని కాదు, ధైర్యం చేసినదని. విశ్వాల పరిణామం అన్న మాటను అక్షరాలా, జీవశాస్త్రం అర్థంలో వాడినవాడు లీ స్మోలిన్. 1992లో ఆయన చెప్పింది ఇదీ: ప్రతి బ్లాక్ హోల్ లోపలా ఒక కొత్త విశ్వం పుడుతుందనుకుందాం. తల్లి విశ్వంలోని స్థిరాంకాలు పిల్లకు వస్తాయి, కొద్ది మార్పుతో. అప్పుడు బ్లాక్ హోళ్లు ఎక్కువ చేసే విశ్వాలకు సంతానం ఎక్కువ. తరాలు గడిచేకొద్దీ అలాంటివే నిండిపోతాయి. కాబట్టి మన విశ్వం బ్లాక్ హోళ్ల ఉత్పత్తిలో దాదాపు శిఖరం మీద ఉండాలి, ఏ స్థిరాంకాన్ని ఏ పక్కకు కాస్త జరిపినా వాటి సంఖ్య తగ్గాలి.

బ్లాక్ హోళ్లు చేయడానికి బరువైన నక్షత్రాలు కావాలి, వాటికి చల్లబడే మేఘాలు కావాలి, అందుకు కార్బన్, ఆక్సిజన్ కావాలి. జీవం గురించి ఒక్క మాట ఎత్తకుండానే జీవానికి పనికొచ్చే విశ్వం వచ్చేస్తుంది. అది సరే. అసలు విశేషం ఈ వాదనకు ఆయన కట్టిన పందెం. న్యూట్రాన్ తార (పెద్ద నక్షత్రం పేలాక మిగిలే చిక్కటి గోళం) బరువు ఒక పరిమితి దాటితే కూలి బ్లాక్ హోల్ అవుతుంది. ఆ పరిమితి ఎంత తక్కువైతే అంత ఎక్కువ బ్లాక్ హోళ్లు. ప్రకృతి వాటి కోసమే ఎంపికై ఉంటే ఆ పరిమితి వీలైనంత తక్కువ ఉండాలి. తొలుత ఆయన వాడిన అంచనా సూర్యుడికి 1.6 రెట్ల ప్రాంతం, తర్వాత దాన్ని 2 రెట్ల దాకా సడలించారు. అంతకంటే బాగా బరువైన న్యూట్రాన్ తార దొరికితే నా సిద్ధాంతం పోయినట్టేనన్నారు.

2010లో జె1614-2230 అనే పల్సార్‌ను, అంటే గిర్రున తిరుగుతూ రేడియో పల్సులు పంపే న్యూట్రాన్ తారను తూచారు. తూచిన పద్ధతి చూడండి, ఎంత ముచ్చటగా ఉంటుందో. అది సెకనుకు 300 సార్లకు పైగా తిరుగుతుంది, దాని చుట్టూ ఒక శ్వేత మరుగుజ్జు తార ఉంది. ఆ జంట కక్ష్యను మనం దాదాపు సరిగ్గా అంచు వైపు నుంచి చూస్తున్నాం. పల్స్ ఆ మరుగుజ్జు పక్కనుంచి దూసుకొచ్చేటప్పుడు వంగిన దేశకాలంలో నడవాల్సి వచ్చి కొన్ని పదుల మైక్రోసెకన్లు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం నుంచి మరుగుజ్జు బరువు, దాని నుంచి పల్సార్ బరువు. వచ్చిన జవాబు 1.97 రెట్లు. 2013లో ఇంకోటి 2.01. ఆ తర్వాత జె0740+6620 అనేది 2.08 దగ్గర తేలింది. స్మోలిన్ తొలి అంచనా పోయింది, సడలించిన గీత కూడా అంచు మీద ఊగుతోంది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా లోయలో ఒక రేడియో డిష్ పెట్టుకుని, ఇతర విశ్వాల గురించిన సిద్ధాంతాన్ని ఇరుకున పెట్టారు వాళ్లు. మల్టీవర్స్‌ను పరీక్షించడం కుదరదని ఎవరైనా అన్నప్పుడు నేను ఈ కథే చెబుతాను. కుదురుతుంది, సిద్ధాంతం రాసినవాడు తల ఎక్కడ పెట్టాలో ముందే చెప్పగలిగితే.

చక్రీయ విశ్వాల సంగతి క్లుప్తంగా. ఇన్‌ఫ్లేషన్‌ను సరిచేసిన స్టైన్‌హార్ట్ తానే దానికి గట్టి విమర్శకుడై, ఏది జరిగినా "ఏదో ఒక బుడగలో అలా జరుగుతుంది" అనే సిద్ధాంతం ఏమీ చెప్పనట్టేనని వాదిస్తున్నారు. 2017లో ఆయన, మరో ఇద్దరు కలిసి అలా ఒక వ్యాసం రాస్తే, గూత్, లిండే, హాకింగ్ సహా 33 మంది సంతకాలతో ఖండన వచ్చింది. ఆయన ప్రత్యామ్నాయం ముడుచుకుని మళ్లీ విచ్చుకునే విశ్వం. గణిత భౌతికవేత్త పెన్‌రోజ్‌ది ఇంకో రకం చక్రం. గత చక్రపు ముద్రలుగా మైక్రోవేవ్ ఆకాశంలో వలయాలు కనపడ్డాయని 2010లో ఆయన, గుర్జాద్యాన్ ప్రకటిస్తే, అవే వలయాలు మామూలు కృత్రిమ పటాల్లోనూ వస్తాయని వేర్వేరు బృందాలు చూపించాయి. మన జయంత్ నార్లికర్ హోయల్, బర్బిడ్జ్‌లతో కలిసి 1993 నుంచి ఆది లేని విశ్వాన్ని సమర్థించారు. మైక్రోవేవ్ మచ్చల ఖచ్చితమైన కొలతల ముందు అది నిలవలేదన్నది నా అభిప్రాయం. అయితే 2025లో పోయేదాకా ఆయన ప్రతి పక్షాన్నీ సాక్ష్యం అడుగుతూనే ఉన్నారు, పుణెలో ఆయన కట్టిన ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాలో బిగ్ బ్యాంగ్ మీద పనిచేసేవాళ్లకు అడ్డు చెప్పలేదు.

పురాణాల ప్రశ్న. అనంతకోటి బ్రహ్మాండ నాయకుడని వేంకటేశ్వరుణ్ణి పిలిచే భాషలో పుట్టినవాళ్లం కాబట్టి మనకు ఈ ఆలోచన కొత్తగా అనిపించదు, అది మన అదృష్టమే. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలని చెప్పుకున్నవాళ్లు కాలాన్ని పెద్ద అంకెల్లో ఊహించడానికి జంకలేదు. అంతవరకు గౌరవంగా ఒప్పుకుంటాను. కానీ ఆ 432 కోట్లు భూమి వయసు 454 కోట్లకు దగ్గరగా ఉందని చూపించి "చూశారా" అంటే ఒప్పుకోను. భూమి వయసు యురేనియం సీసంగా మారే రేటు కొలిచి తేల్చింది, తేడా వస్తే దిద్దుకునే అంకె. కల్పం దిద్దుకునే అంకె కాదు, ఎవరూ దిద్దాలనుకోరు కూడా. దైవ వైభవం చెప్పే మాటను ల్యాబ్ రిపోర్టుగా చదివితే దానికీ న్యాయం జరగదు, ల్యాబ్‌కూ జరగదు.

ఇక చదువు సంగతి. మల్టీవర్స్ మీద పీహెచ్‌డీ చేస్తానని ఇంటర్వ్యూలో అనకండి, బోర్డులో సగం మంది మొహాలు మాడిపోతాయి. ఐఐటీ జామ్, జెస్ట్ ఎంట్రన్సులు రాయండి. ఐయూకా, టాటా ఇన్‌స్టిట్యూట్, చెన్నైలోని గణితశాస్త్రాల సంస్థ ఐఎంఎస్‌సీ లాంటి చోట్ల కాస్మాలజీ బలంగా ఉంది. వచ్చే పదేళ్లలో అసలు వార్తలు రెండు వైపుల నుంచి రావచ్చు: విస్తరణ వేగాన్ని పెంచుతున్న డార్క్ ఎనర్జీ కాలంతోపాటు బలహీనపడుతోందా అన్న దాని మీద, గెలాక్సీల పటం గీస్తున్న డెసి సర్వే 2024, 2025లలో ఇచ్చిన సూచనలు నిలబడతాయా లేదా, ఆదిమ గురుత్వ తరంగాల కోసం చిలీలోని సైమన్స్ అబ్జర్వేటరీ లాంటివి ఏం చూస్తాయి. రెంటికీ కావాల్సింది సాధారణ సాపేక్షత ఒక సెమిస్టర్, గణాంకశాస్త్రం మూడు సెమిస్టర్లంత. మన డిగ్రీల్లో రెండోది దాదాపు చెప్పరు, సొంతంగా నేర్చుకోవాల్సిందే.

ఇప్పుడే మొదలుపెట్టాలనుంటే ప్లాంక్ ఉపగ్రహం పటాలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. పైథాన్‌లో హీల్‌పై అనే ప్యాకేజీ వేసుకుని ఒక పటం తెరిచి, పాలపుంత పట్టీని మాస్క్ చేసి, పవర్ స్పెక్ట్రమ్ (ఏ కొలత మచ్చలు ఎంత బలంగా ఉన్నాయో చూపే గ్రాఫ్) గీయండి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. మొదటి శిఖరం మల్టీపోల్ 220 దగ్గర, అంటే ఆకాశంలో సుమారు ఒక డిగ్రీ కొలత దగ్గర రావాలి. రాకపోతే మాస్క్ సరిగ్గా వేయలేదన్నమాట. గ్రాఫ్ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.